చిన్న గ్రంథాలయాలకు సాఫ్ట్‌వేర్ రాయితీ ఉంది, కాగితాలు సరిచేసుకుందాం

సంపాదకుల వారికి నమస్కారం.

చెన్నైలో తెలుగువారు చందాలు వేసుకుని నడుపుకుంటున్న చిన్న గ్రంథాలయాలు, పఠన మందిరాలు కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌కు బజారు ధర పెట్టనక్కరలేదు. దొంగ కాపీలు వేసుకోవలసిన పని అంతకన్నా లేదు. లాభాపేక్ష లేని సంస్థలకు మైక్రోసాఫ్ట్, గూగుల్ వంటి కంపెనీలు కొన్నింటిని ఉచితంగానూ, కొన్నింటిని బాగా తక్కువ ధరకూ ఇస్తున్నాయి. ఇది ఎవరినో బతిమాలి తెచ్చుకునే సాయం కాదు. అర్హతలు రాసిపెట్టి ఉన్నాయి, అవి మనకు ఉన్నాయని చూపిస్తే ఇస్తారు. చూపించవలసిన కాగితాలు మన బీరువాల్లో సగం ఉండి, సగం లేక, ఉన్నవి ఒకదానితో ఒకటి పొసగకపోవడమే అసలు చిక్కు.

నేను పెరంబూరులో ఒక తెలుగు పఠన మందిరానికి కోశాధికారిని. అంతకుముందు నా ఉద్యోగమంతా ఒక ఆడిటర్ గారి కార్యాలయంలో ట్రస్టుల లెక్కలు, సొసైటీల లెక్కలు రాయడంలోనే గడిచింది. కంప్యూటర్ లోపల ఏముంటుందో చెప్పలేను గాని, ఒక సంస్థ దస్తావేజుల కట్ట విప్పితే అందులో ఏది లేదో చెప్పగలను. ఈ రాయితీల విషయంలో కావలసింది అదే.

మా మందిరంలో పాఠకుల కోసం పెట్టిన కంప్యూటర్ దగ్గర ఎవరు కూర్చుంటారో చెబితే నేను ఎందుకింత పట్టుదలగా రాస్తున్నానో మీకు అర్థమవుతుంది. రైల్వేలో పనిచేసి విరమించిన పెద్దలు పింఛను కాగితాలు ముద్రించుకోవడానికి వస్తారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు దరఖాస్తులు నింపుతారు. ఇళ్లలో పనికి వెళ్లే తల్లులు బిడ్డల ఉపకార వేతనం ఫారాలు పట్టుకుని వచ్చి, మాలో ఎవరినో పక్కన కూర్చోబెట్టుకుంటారు. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా నంబరు, ఫోనుకు వచ్చిన ఓటీపీ అన్నీ ఆ మీటల మీదనే కొడతారు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించిన దొంగ విండోస్ అందులో ఉంటే, దాని వెంట ఇంకేం లోపలికి వచ్చి కూర్చుందో ఎవరు చెప్పగలరు? పైగా విండోస్ 10కు మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలను మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ఆపేసింది. పాత కంప్యూటర్లతో నెట్టుకొస్తున్న ప్రతి పఠన మందిరమూ ఏదో ఒక నిర్ణయం తీసుకోక తప్పదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామును వాడితే 1957 కాపీరైట్ చట్టం 63బీ సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం వాడలేదని తేలితే జైలు లేకుండా 50,000 రూపాయలకు మించని జరిమానాతో సరిపెట్టే వెసులుబాటు న్యాయస్థానానికి ఉంది. మనలాంటి వాళ్లకు ఆ జరిమానా అంటే కొత్త పుస్తకాలు కొనవలసిన సొమ్మంతా పోయినట్లే.

ఒక దుకాణం వారిని అడిగితే మాకు వ్యాపార సంస్థలకు ఇచ్చే ధరల పట్టీయే చేతిలో పెట్టారు. గ్రంథాలయమని చెప్పినా, లాభాపేక్ష లేని సంస్థల ధర వేరే ఒకటి ఉందన్న మాట ఎత్తలేదు. కాబట్టి మనమే అడగాలి, ఏమని అడగాలో తెలుసుకుని అడగాలి.

ముందుగా ఎవరు అర్హులో చూద్దాం. ఎగ్మూరులో 1896 నుంచి ఉన్న కన్నెమరా, కోట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయం, వీధుల్లోని శాఖా గ్రంథాలయాలు ప్రభుత్వానివి. 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం స్వతంత్ర భారతంలో ఈ కోవలో వచ్చిన మొదటి చట్టం, దాని వెనుక గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారి కృషి ఉంది. ఆస్తి పన్నుతో పాటు మనం కట్టే గ్రంథాలయ సెస్సు ఆ గ్రంథాలయాలకే వెళుతుంది. వాటి సాఫ్ట్‌వేర్ సంగతి వాటి శాఖ చూసుకోవాలి. జాతీయ సమాచార కేంద్రం తయారుచేసిన ఇ-గ్రంథాలయ వంటివి వాటికి ఉన్నాయి. గూగుల్ వారి లాభాపేక్ష లేని సంస్థల పథకం ప్రభుత్వ సంస్థలకు, ఆసుపత్రులకు, పాఠశాలలకు వర్తించదు. విద్యాసంస్థలకు వేరే పథకం ఉంది గనుక, కళాశాల గ్రంథాలయం ఆ కళాశాల పేరుతోనే అడగాలి. మిగిలింది మనం, అంటే సంఘంగా నమోదై, ప్రజలకోసం తలుపు తెరిచి ఉంచే గ్రంథాలయాలం.

నిజానికి ఈ పథకాలు మనకే సరిగ్గా సరిపోతాయి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిన నాటి నుంచి, గ్రంథాలయోద్యమం కోసం అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారు ఊరూరా తిరిగిన నాటి నుంచి, తెలుగువారి గ్రంథాలయం సర్కారు పెట్టింది కాదు, జనం కూడి పెట్టుకున్నది. చెన్నైలో మన పెద్దలూ అలాగే పెట్టారు. ఆ పద్ధతికి ఈనాటి కంపెనీల దరఖాస్తులో ఉన్న పేరే లాభాపేక్ష లేని సంస్థ.

మైక్రోసాఫ్ట్ అర్హుల వివరణలో ప్రజా గ్రంథాలయాల ప్రస్తావన విడిగా ఉంది. ఒక ప్రాంతంలోని వారందరికీ రుసుము లేకుండా సాధారణ గ్రంథాలయ సేవలు అందించాలన్నది వాళ్లు పెట్టిన షరతు. అమెరికాలో ఇది తేల్చడం తేలిక. అక్కడ మ్యూజియాలు, గ్రంథాలయాల కోసం ఉన్న ప్రభుత్వ సంస్థ దగ్గర ప్రజా గ్రంథాలయాల జాబితా ఉంది. అందులో పేరుంటే, లేదా వాళ్ల పన్ను చట్టం 501(సి)(3) కింద ధర్మసంస్థగా గుర్తింపు ఉంటే, టెక్‌సూప్ వంటి సంస్థలు అర్హతను ధ్రువీకరిస్తాయి. టెక్‌సూప్ 1987లో కంప్యూమెంటర్ అన్న పేరుతో అమెరికాలో మొదలైంది. కంపెనీలు విరాళంగానో రాయితీకో ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను చిన్న నిర్వహణ రుసుము తీసుకుని సంస్థలకు చేర్చడం దాని పని, మన దేశంలోని సంస్థలకూ ఆ దారి ఉంది. గూగుల్ తరఫున ఈ పరిశీలన గుడ్‌స్టాక్ అనే సంస్థ చేస్తుంది. వీరెవరూ మన వీధికి వచ్చి పుస్తకాల అరలు చూడరు. కాగితమే చూస్తారు.

ఆ కాగితాల్లో మొదటిది రిజిస్ట్రేషన్ పత్రం. సొసైటీ అయినా, పబ్లిక్ ట్రస్టు అయినా, కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద పెట్టిన సంస్థ అయినా సరే. మన పాత గ్రంథాలయాల్లో కొన్ని 1860 నాటి సొసైటీల చట్టం కింద నమోదైనవి, తర్వాతివి 1975 తమిళనాడు చట్టం కింద నమోదైనవి. పత్రం గోడకు చట్రంలో వేలాడుతుంటే చాలదు. ఏటా కార్యవర్గం వివరాలు, లెక్కలు జిల్లా రిజిస్ట్రారుకు దాఖలు చేస్తూ ఉండాలి. చాలాచోట్ల కార్యదర్శి మారినప్పుడో, పెద్దాయన కాలం చేసినప్పుడో ఆ దాఖలు ఆగిపోయి ఉంటుంది. జరిమానా కట్టి బకాయి దాఖలు పూర్తిచేసుకోండి. ఇది వాయిదా వేసి మిగతావి ఎన్ని చేసినా వృథా.

రెండోది పేరు. ఒక్కసారి మీ రిజిస్ట్రేషన్ పత్రం, పాన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం బల్ల మీద పక్కపక్కన పెట్టి చూడండి. మా దరఖాస్తు ముందు తిరిగి రావడానికి కారణం అక్కడే దొరికింది. రిజిస్ట్రేషన్ పత్రంలో గ్రంథాలయం అన్న మాటను ఇంగ్లీషులో టీ, హెచ్‌లతో రాశారు. పాన్ కార్డులో డీ, హెచ్ ఉన్నాయి. బ్యాంకులో పేరు పొడవైందని చివరి మాటను మధ్యలోనే కత్తిరించారు. మన కంటికి మూడూ ఒకటే. ఎక్కడో దూరాన కూర్చుని పరిశీలించేవారికి అవి మూడు వేరువేరు సంస్థలు. రిజిస్ట్రేషన్ పత్రంలోని పేరునే ప్రమాణంగా పెట్టుకుని, అక్షరం పొల్లు పోకుండా మిగతా రెండూ దిద్దించాం, ఆ తర్వాత దరఖాస్తు ముందుకు కదిలింది. తెలుగు పేరున్న సంస్థలన్నింటికీ ఈ బాధ ఉంటుంది కనుక ఇంత వివరంగా రాస్తున్నాను. తమిళంలో ఉన్న పాత పత్రమైతే నోటరీ చేసిన ఇంగ్లీషు ప్రతి కూడా సిద్ధంగా పెట్టుకోవడం మంచిది.

మూడోది పన్ను మినహాయింపు కోసం చేసుకునే ఆదాయ పన్ను నమోదు, మనవాళ్లు 12ఏ అని పిలుచుకునేది. దీని మీద మన సంఘాల్లో ఉన్నంత నిబ్బరం మరి దేని మీదా ఉండదు. "మాకు ఎప్పుడో వచ్చింది, శాశ్వతం" అంటారు. శాశ్వతం కాదు. 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు మారాయి. పాత పత్రాలున్న వారంతా 12ఏబీ కింద తిరిగి నమోదు చేసుకోవలసి వచ్చింది, ఆ గడువును ప్రభుత్వం ఎన్నోసార్లు పొడిగించి 2024 జూన్ 30 దాకా ఇచ్చింది. 2021లోనే చేసుకున్నవారికి వచ్చింది కూడా 5 ఏళ్ల నమోదే, 2026 మార్చి 31 దాకా. ఏడాదికి 5 కోట్ల రూపాయలకు మించని ఆదాయం ఉన్న సంస్థలకు 2025 ఆర్థిక చట్టం మళ్లీ చేసుకునే నమోదు కాలాన్ని 10 ఏళ్లకు పెంచింది, అది మనబోటివాళ్లకు పెద్ద ఊరట. 1961 చట్టం బదులు 2025 నాటి కొత్త ఆదాయ పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా వచ్చింది, అందులో సెక్షన్ల అంకెలు వేరు. అందుకే మీ ఆడిటర్ గారిని "మా 12ఏ ఉందా?" అని అడగవద్దు. "ఈ రోజున చెల్లుతుందా, ఏ తేదీ దాకా చెల్లుతుంది, రాతలో చూపించండి" అని అడగండి. స్వచ్ఛంద సంస్థల కోసం ఉన్న నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్‌లో నమోదు కూడా పనిలో పనిగా చేసుకోండి.

నాలుగోది నియమావళి. ఇక్కడ మనలో మనం కొంచెం నిష్కర్షగా మాట్లాడుకోవాలి. గ్రంథాలయం అందరిదీ అని మనం నోటితో అంటాం. నియమావళిలో మాత్రం "మా కులస్థుల అభ్యున్నతికి" అనో, "సభ్యుల ప్రయోజనార్థం" అనో ఉంటుంది. వివక్ష పాటించబోమని సంస్థ చేత హామీ తీసుకోనిదే మైక్రోసాఫ్ట్ రాయితీ ఇవ్వదు. ఒక మతానికో కులానికో మాత్రమే మేలు చేసే ధర్మసంస్థకు 1961 చట్టం 13(1)(బి) సెక్షన్ కింద పన్ను మినహాయింపే దక్కేది కాదు. కులసంఘాల భవనాల్లో చక్కని గ్రంథాలయాలున్నాయని నాకు తెలుసు, వాటిలో పుస్తకాలు తీసుకుని చదువుకున్నదాన్ని. ఆ గ్రంథాలయాన్ని విడిగా ఒక సొసైటీగా నమోదు చేసి, ఎవరైనా వచ్చి రుసుము లేకుండా చదువుకోవచ్చని స్పష్టంగా రాసి, తలుపు మీద బోర్డులోనూ అదే రాయించండి. మా దగ్గర కూర్చుని చదివినందుకు ఏమీ తీసుకోము. ఇంటికి పుస్తకం తీసుకెళితే తిరిగి ఇచ్చేసే డిపాజిట్ మాత్రమే ఉంటుంది. సంస్థ మూతపడితే ఆస్తి సభ్యులు పంచుకోరని, అలాంటి ఆశయాలున్న మరో సంస్థకే పోతుందని ఒక వాక్యం కూడా ఉండాలి. పాత నియమావళుల్లో ఇది తరచుగా ఉండదు. సర్వసభ్య సమావేశంలో ప్రత్యేక తీర్మానంతో చేర్చవచ్చు.

ఐదోది చిన్నదే గాని చాలామందిని ఆపేస్తుంది. గ్రంథాలయానికి సొంత వెబ్ చిరునామా, దాని మీద ఈమెయిల్ ఉండాలి. కార్యదర్శి గారి సొంత జీమెయిల్ మీద లైసెన్సులన్నీ తీసుకుంటే, ఆయన అబ్బాయి దగ్గరికి విదేశాలకు వెళ్లిన రోజున తాళంచెవి కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది. పదవి పేరుతో ఈమెయిల్ పెట్టండి, సంకేతపదం కార్యవర్గంలో ఇద్దరి దగ్గరైనా ఉండాలి.

ఇక ఏం తీసుకోవాలి అన్నది. ఈమెయిల్, వెబ్‌లో వాడే వర్డ్, ఎక్సెల్ ఉండే మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ బేసిక్ అర్హత ఉన్న సంస్థకు 300 మంది దాకా ఉచితం. అంతకన్నా పెద్దదైన బిజినెస్ ప్రీమియంలో పదిమందికి ఉచితంగా ఇచ్చే పాత పద్ధతిని 2025 జూలై నుంచి ఎత్తివేస్తూ వచ్చారు, ఇప్పుడు దానికి రాయితీ ధరే. గూగుల్ వర్క్‌స్పేస్ కూడా అర్హులకు ఉచితంగా దొరుకుతుంది. మన చిన్న సంస్థల ఉత్తరాలకు, లెక్కలకు వీటిలో ఏదో ఒకటి చాలు, రెండూ పెట్టుకుని తికమక పడవద్దు. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ లైసెన్సులు మనిషికి ఇచ్చేవి, అంటే సంస్థలో పనిచేసేవారి పేరు మీద. పాఠకుల బల్ల మీద రోజంతా ఎవరెవరో వాడే కంప్యూటర్‌కు యంత్రానికి ఇచ్చే లైసెన్సు కావాలి. దరఖాస్తులో ఈ రెండింటినీ విడదీసి అడగండి. రాయితీతో వచ్చినదాన్ని కార్యవర్గ సభ్యుల ఇళ్లకు పంచడం నిబంధనలకు విరుద్ధం, అలా చేస్తే సంస్థ అర్హతకే ముప్పు.

పుస్తకాల పట్టిక కోసం మాత్రం డబ్బు పెట్టవద్దని నా గట్టి అభిప్రాయం. న్యూజిలాండ్‌లోని ఒక చిన్న గ్రంథాలయ ట్రస్టు తన అవసరం కోసం చేయించుకుని 2000 జనవరిలో వాడుకలోకి తెచ్చిన కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ అందరికీ స్వేచ్ఛగా దొరుకుతుంది, తెలుగు అక్షరాలను చక్కగా తీసుకుంటుంది. మా పాత పట్టిక ఏనాడో అను అనే పాత రకం తెలుగు ఫాంట్లలో కొట్టినది. కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు పేర్ల బదులు విరిగిన ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, చుక్కలు వరుసగా కనిపించాయి. ఏ రాయితీ లైసెన్సూ దాన్ని బాగుచేయదు. ఏ కంప్యూటరైనా చదవగల యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు తప్పిన చోటల్లా మనిషే కూర్చుని దిద్దాలి. మా దగ్గర తెలుగు చదివిన గృహిణులు కొందరు ఆ పని చేస్తున్నారు. ఒక్కొక్క పుస్తకాన్నీ అరలోంచి తీసి, లోపలి పుట చూసి, రచయిత ఇంటిపేరు సరిచూసి మరీ ఎక్కిస్తున్నారు. చూపు లేని పాఠకుల కోసం ఎన్‌వీడీఏ అనే తెర చదివే ప్రోగ్రాము ఉచితంగా ఉంది. దాన్ని పాఠకుల కంప్యూటర్‌లో పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, ఈ రోజే పెట్టవచ్చు.

మీ పత్రిక ద్వారా ఇద్దరిని అడగాలని ఉంది. పాత మహాబలిపురం రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న మన యువతీయువకులు షోళింగనల్లూరు, పెరుంగుడి చుట్టుపక్కల ఎంతోమంది ఉన్నారు. సొంత ఊళ్లో గ్రంథాలయానికి ఏదైనా చేయాలని వాళ్లకు ఉంటుంది. చెన్నైలోనే రాయపురం, కొరుక్కుపేట, తిరువొత్తియూరు వైపు తెలుగు పఠన మందిరాలకు ఇప్పుడు కావలసింది వాళ్లే. దరఖాస్తు నింపి, పాత కంప్యూటర్‌లో ఏం ఉందో పరీక్షించి, కొత్తది ఎక్కించి, వాడేవారికి నేర్పించి వెళితే చాలు. రెండో విన్నపం మన ఆడిటర్లకు. ఏడాదికి ఒక్క గ్రంథాలయం లెక్కలు, 12ఏబీ పత్రాలు ఉచితంగా చూసిపెట్టండి. వాళ్లు కట్టలేకపోతున్నది మీ రుసుమే.

కంపెనీల వారికి కూడా ఒక మాట. జీతం తీసుకునే గ్రంథపాలకుడు లేని చోట స్వచ్ఛందంగా పనిచేసేవారినే సిబ్బందిగా లెక్కించండి. మా దగ్గర తాళం తీసేవారు, ఊడ్చేవారు, పుస్తకం ఇచ్చేవారు అందరూ అలాంటివారే.

సంపాదకుల వారు అనుమతిస్తే, చెన్నై పేజీలో ఈ కాగితాల వివరాలు తెలుగులో ఒకసారి విడిగా ప్రచురించండి. సాయం కావలసిన పఠన మందిరాల వారు మీ కార్యాలయానికి రాస్తే, ఆ ఉత్తరాలు మాకు పంపండి. ఆదివారం ఉదయాల్లో నేనూ, నాతో పనిచేసి విరమించిన ఇద్దరు సహోద్యోగులూ వాళ్ల దస్తావేజుల కట్ట చూసిపెడతాం. వచ్చేవారు అసలు పత్రాలు ఇంట్లోనే ఉంచి, నకళ్లు తెచ్చుకుంటే చాలు.

భవదీయురాలు,
ఒక తెలుగు పఠన మందిరం కోశాధికారి,
పెరంబూరు, చెన్నై